నాలుగో నంబరు ప్రశ్న

నవంబరు 13, 2007, మంగళవారం

మా అబ్బాయి రంగనాథ్ ఈ పొద్దున రెండు ఇడ్లీలే తిన్నాడు. మూడోది పళ్ళెంలో వదిలేసి లేచాడు. షుగరు గాని వచ్చిందేమోనని భయంగా ఉంది. వాళ్ళ నాన్నకు నలభై ఎనిమిదో ఏట బయటపడింది. వీడికిప్పుడు నలభై తొమ్మిది.

కోడలు మైథిలిని అడిగితే, "షుగరూ కాదు, ఏమీ కాదత్తయ్యా. పార్లమెంటు ప్రశ్న వచ్చింది, అదీ సంగతి" అంది.

పార్లమెంటులో ఎవరో ప్రశ్న అడిగితే ఢిల్లీలో, ద్వారకలో మా ఇంట్లో ఇడ్లీ మిగలడమేమిటో తెలియలేదు. కనుక్కోవాలి.

నవంబరు 14, బుధవారం

మనవరాల్ని అడిగాను. ప్రణతి తొమ్మిదో తరగతి. నేను తెలుగులో అడుగుతాను, అది హిందీలో చెబుతుంది. ఇద్దరికీ జరిగిపోతోంది.

"సింపుల్ హై నానమ్మా. ఎంపీ సవాల్ పూఛ్‌తా హై, మినిస్టర్ జవాబ్ దేతా హై."

"మధ్యలో మీ నాన్నకేం?"

"జవాబ్ తో డాడీ లిఖ్‌తే హై."

అంటే మంత్రిగారు లేచి నిలబడి చదివేది మా వాడు రాసిందన్నమాట. వీడు సెక్షన్ ఆఫీసరని అందరికీ చెబుతాను గాని, వెళ్ళి ఏం చేస్తాడో ఇన్నేళ్ళకు ఈవేళ తెలిసింది. గర్వంగా అనిపించింది. కాసేపటికి భయం వేసింది. తప్పు రాస్తేనో.

నవంబరు 17, శనివారం

ఆఫీసు సెలవు. బాల్కనీలో ఎండకు కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాను. రంగనాథ్, మైథిలి పక్కనే కుర్చీలు వేసుకున్నారు. నాతో చెప్పినవి కావు, నా పక్కన కూర్చుని చెప్పుకున్నవి. మరిచిపోకముందే రాసుకుంటాను.

ప్రశ్న అడిగింది మన తెలుగాయనే. రాధాకృష్ణమూర్తి అని అపోజిషన్ ఎంపీ. రెండు సంగతులు అడిగాడు. రంగనాథ్ వాళ్ళ భవనంలో పెద్దవాళ్ళ గదులు బాగుచేయించడానికి, తివాచీలు మార్చడానికి మూడేళ్ళలో ఎంత ఖర్చయింది, అదొకటి. ఆ భవనం ఊడ్చి తుడిచే ఆడవాళ్ళు ఎంతమంది, కాంట్రాక్టరు వాళ్ళ చేతికి ఎంత ఇస్తున్నాడు, అది రెండోది.

రంగనాథ్ అన్నాడు: "రిజిస్టరులో నూట ఇరవైమంది ఉన్నారు. అనుమానం వచ్చి మా సెక్షన్లో మన కనకయ్య గారిని మూడు రోజులు గేటు దగ్గర నిలబెట్టి లెక్కపెట్టించాను. వచ్చేది డెబ్భై ఆరుమంది. కాంట్రాక్టరు మూడున్నర వేలకు వేలిముద్ర వేయించుకుని, చేతికి పద్దెనిమిది వందలు ఇస్తున్నాడు."

"మరి అదే రాయండి."

"రాశాను. నోటు పైకెళ్ళి తిరిగొచ్చింది. 'సమాచారం సేకరిస్తున్నాం' అని రాయమన్నారు."

"సేకరించేశారుగా."

"సేకరించాను కాబట్టే సేకరిస్తున్నాం అని రాయాలి" అని నవ్వాడు. నవ్వులాగా లేదు అది.

నాకు పట్టుకున్నది ఇంకొకటి. డెబ్భై ఆరు పోతే నలభై నలుగురు. ఆ లేనివాళ్ళకు కూడా పేర్లున్నాయట, నెలనెలా వేలిముద్రలు పడుతున్నాయట. అవి ఎవరి వేళ్ళు? ఒకడే కూర్చుని ఒక్కొక్క వేలూ మార్చి వేస్తాడా? అలా వేసినా పదే కదా. కాలి వేళ్ళు కూడా వేస్తాడా? ఉండబట్టలేక రంగనాథ్‌ను అడిగాను.

"అది నీకెందుకమ్మా. బఠాణీలు ఒలుచుకో" అన్నాడు.

నవంబరు 21, బుధవారం

వచ్చే మంగళవారం వీళ్ళ శాఖ వంతు. చీటీలు తీసి నంబర్లు వేస్తారట. ఆ రోజు ఇరవై ప్రశ్నలుంటాయి గాని గంటే టైము. నాలుగైదు అయ్యేసరికి పన్నెండు కొడుతుంది, మిగతావి నోటితో అడగక్కర్లేదు, కాగితం ఇచ్చేస్తే సరి.

మా వాడిది నాలుగోది.

ఆరో నంబరు వచ్చి ఉంటే ఏం పోయేది. వేంకటేశ్వరస్వామికి ఎన్నో పనులుంటాయి, ఇది అడగడం బాగుండదేమోనని ఊరుకున్నాను. చివరికి అడిగేశాను.

నవంబరు 22, గురువారం

లోక్‌సభ చూపించే ఛానెల్ ఒకటుందని ప్రణతి పెట్టి ఇచ్చి బడికి వెళ్ళింది. పదకొండింటికి మొదలైంది. ఐదు నిమిషాలకే అందరూ లేచి అరిచారు. రాధాకృష్ణమూర్తి కూడా అరిచాడు. తెల్ల పంచె, గోధుమరంగు కోటు, మెడలో మఫ్లరు. స్పీకరు వాయిదా వేసేశారు.

వాయిదా పడితే ఆ రోజు ప్రశ్నలు నోటితో అడగడం ఉండదట. మైథిలి చెప్పింది. ఎంత మంచి పద్ధతో. మంగళవారం కూడా ఇలాగే అరిస్తే బాగుండు. అరవడం ఆయనకు అలవాటే కదా.

నవంబరు 25, ఆదివారం

కార్తీక వనభోజనాలకు వెళ్ళాం. ఢిల్లీ తెలుగువాళ్ళు మూడు వందలమంది దాకా వచ్చారు. ఆ పార్కులో ఉసిరిచెట్టు లేదు. సబ్జీమండీ కూరల బజారులో ఉసిరికాయలు కొని పళ్ళెంలో పోసి, వేపచెట్టు మొదట్లో పెట్టి పూజ చేశారు. అది చెల్లుతుందో లేదో. ఎవరినీ అడగలేదు, అడిగితే అందరికీ అనుమానం వస్తుంది.

రాధాకృష్ణమూర్తి ముఖ్య అతిథి. వేదిక మీద కాకుండా అందరితో పాటు బంతిలోనే కూర్చున్నాడు. నా పక్క విస్తరే. కనకయ్య గారు పులిహోర వడ్డించారు. ఈ సంఘం పనులన్నీ ఆయనే చూస్తారు, ఆఫీసులో మా వాడి సెక్షనే.

"అమ్మా, మీదే ఊరు?" అని అడిగాడు ఎంపీ. వేటపాలెం అని చెప్పాను. మా వాడికి కాస్త ఇబ్బంది లేకుండా చూడమని ఒక మాట చెవిన వేశాను. అలాగేనమ్మా అన్నాడు. మంచివాడు. రెండోసారి పులిహోర వేయించుకున్నాడు.

నవంబరు 26, సోమవారం

రంగనాథ్ పొద్దున అన్నం కలుపుకుని సగంలో వదిలేశాడు. ఒరే, ఆయన చూసుకుంటానన్నాడని చెబుదామనుకున్నాను. రేపు వాడికే తెలుస్తుంది కదా.

నవంబరు 27, మంగళవారం

పదిన్నరకే టీవీ ముందు కూర్చున్నాను. మైథిలి కూడా కూర పొయ్యి మీద నుంచి దించి వచ్చింది. రంగనాథ్ అక్కడే ఆఫీసర్ల గ్యాలరీలో కూర్చుంటాడట. మంత్రిగారికి ఏదైనా తోచకపోతే చీటీ రాసి అందిస్తాడు. టీవీలో ఆ వైపు చూపించలేదు.

ఈ ఒక్క రోజూ ఎవరూ అరవలేదు. అందరూ బడిపిల్లల్లా కూర్చున్నారు. మొదటి ప్రశ్న అడిగినాయన రానే లేదు. రెండోది పావుగంట. మూడోది ఏదో కాలువ గురించి, అది ఇంకా లాగితే బాగుండునని చూశాను. పదకొండూ నలభైకి నాలుగోది పిలిచారు.

మంత్రిగారు చదివాడు. తివాచీల ఖర్చు అంకెలతో సహా చెప్పాడు. ఊడ్చేవాళ్ళ సంగతికి మాత్రం సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం అన్నాడు. మా వాడు రాసిందే. గొంతు బాగానే ఉంది.

రాధాకృష్ణమూర్తి లేచాడు. ఇంగ్లీషులో మాట్లాడాడు, మైథిలి నాకు చెబుతూ వచ్చింది.

"తివాచీలకు ఎంత ఖర్చయిందో పైసలతో సహా చెప్పారు, సంతోషం. తివాచీ మీద నడిచేవాళ్ళకు లెక్క ఉంది, దాన్ని ఊడ్చేవాళ్ళకు లేదు. నేను చెబుతాను. రిజిస్టరులో నూట ఇరవైమంది. వచ్చేది డెబ్భై ఆరు. వాళ్ళకు అందేది పద్దెనిమిది వందలు. మంత్రిగారి ఆఫీసు మనిషే మూడు రోజులు గేటు దగ్గర నిలబడి లెక్కపెట్టాడు. సేకరించిన సమాచారాన్ని ఇంకా ఎవరి దగ్గర నుంచి సేకరిస్తున్నారు?"

బల్లలు చరిచారు. మంత్రిగారి వైపు వాళ్ళు కూడా కొందరు నవ్వారు. మంత్రిగారు వెనక్కి తిరిగి చూశాడు. ఎటు చూశాడో మైథిలి నేను ఇద్దరం కనిపెట్టాం గాని ఒకరితో ఒకరం అనుకోలేదు.

ఎంత బాగా అడిగాడో. ఊడ్చేవాళ్ళ గురించి అంత పెద్ద సభలో ఒకరు నిలబడి అడగడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ అంకె ఆయనకు ఎవరు చెప్పారో.

నవంబరు 28, బుధవారం

రంగనాథ్ ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పకుండానే నా గదిలోకి వచ్చాడు.

"అమ్మా, ఆదివారం నువ్వు ఆయన పక్కన కూర్చున్నావా?"

"విస్తళ్ళు అలా వేశారురా."

"ఏమైనా మాట్లాడావా?"

"ఊరు అడిగాడు. చెప్పాను."

"అంతేనా?"

"అంతే."

వాడి ముఖం తేటపడింది. ఆ నోటు చూసింది ముగ్గురేనట. వీడు, వీడి పై ఆఫీసరు, కనకయ్య గారు. ఎవరు బయట పెట్టారని అడుగుతున్నారు.

నేను చెప్పింది అబద్ధం కాదు. ఊరు అడిగిన మాట నిజమే.

నవంబరు 29, గురువారం

ఊరు అడిగాడు. చెప్పాను. అంతే.

నవంబరు 30, శుక్రవారం

కనకయ్య గారికి మెమో ఇచ్చారు. ఆఫీసు సంగతి బయటివాళ్ళకు చెప్పినందుకు నీ మీద చర్య ఎందుకు తీసుకోకూడదో పదో తారీఖు లోగా జవాబివ్వమని. వనభోజనాల ఫోటోలు తెలుగు సంఘం వాళ్ళ బోర్డుకు అంటించారు. ఒకదాంట్లో ఆయన వంగి ఎంపీకి పులిహోర వేస్తున్నాడు. చెవిలో చెబుతున్నట్టే ఉందట. లెక్కపెట్టిందీ ఆయనే, ఎంపీ అన్నదీ లెక్కపెట్టిన మనిషి అనే.

ఆయన మార్చిలో రిటైరవుతాడు. కేసు పెడితే పెన్షను ఆగిపోతుంది అంది మైథిలి.

ఆ ఫోటోలో నేను కూడా ఉండాలే. చీర కొంగు మాత్రం కనిపిస్తోందట.

డిసెంబరు 2, ఆదివారం

కనకయ్య గారు వచ్చారు. ఫరీదాబాదు క్వార్టర్ల నుంచి రెండు బస్సులు మారి వచ్చారు. కరీంనగరు మనిషి. ముప్పై నాలుగేళ్ళుగా ఢిల్లీలో ఉన్నా మాట మారలేదు.

"సార్, పులిహోర ఏసిన. ఇంక కొంచెం ఏయమన్నడు, ఏసిన. గంతే. ఒక్క ముచ్చట సుత మాట్లాడలే" అన్నారు రంగనాథ్‌తో.

"నాకు తెలుసు కనకయ్య గారూ. కానీ మరి ఎవరు చెప్పారు? నేను చెప్పలేదు, మీరు చెప్పలేదు."

"పెద్దసారు చెప్పడు. ఆయనే నోటు ఆపింది." కనకయ్య గారు నవ్వారు. "ఇగ మిగిలింది గోడలు సార్. గోడలకు మెమో ఇయ్యరు కద."

రంగనాథ్‌కు ఫోను వచ్చి లోపలికి వెళ్ళాడు. నేను టీ తెచ్చాను. కనకయ్య గారు గ్లాసు అందుకుని మెల్లగా అన్నారు.

"అమ్మా, మీరు ఆయనతోని చానాసేపు మాట్లాడిండ్రు. నేను చూసిన."

నేను పళ్ళెం బల్ల మీద పెట్టేశాను.

"సార్‌కు చెప్పలే. నేను చెప్తే చాడీ అయితది. మీరు చెప్తే ముచ్చట అయితది." టీ ఊదుకున్నారు. "పదో తారీఖు దాకా టైముంది నాకు. చక్కెర జర్ర తక్కువైందమ్మా."

చక్కెర వేసి తెచ్చాను. నా ముఖం చూడకుండా తాగి వెళ్ళిపోయారు.

డిసెంబరు 3, సోమవారం

కార్తీక సోమవారం. ఉపవాసం ఉన్నాను. ఉపవాసం ఉండి అబద్ధం రాయకూడదు. ఆ రోజు విస్తరి ముందు జరిగింది ఇది.

ఆయన ఊరు అడిగాడు, చెప్పాను. అక్కడ ఆగలేదు.

"బాబూ, మంగళవారం మీరు అడగబోయే ప్రశ్న మా అబ్బాయి మీద వచ్చి పడింది" అన్నాను.

"మీ అబ్బాయి మీద కాదమ్మా, మంత్రిగారి మీద."

"మంత్రిగారు చదువుతారు. రాసేది మా వాడేగా."

ఆయన చెయ్యి చారన్నంలో ఆగింది. "ఏం రాస్తున్నాడేమిటి?"

"ఏం రాస్తాడు నాయనా. ఉన్నది రాయనివ్వరు. వచ్చేది డెబ్భై ఆరుమందేనని వాడికి తెలుసు. మనిషిని పెట్టి గేటు దగ్గర మూడు రోజులు లెక్కపెట్టించాడు. తెలిసి కూడా తెలియదని రాయాలంటే వాడికి అన్నం దిగడం లేదు. మీరు ఆ ప్రశ్న మానుకుంటే పిల్లవాడు తిండి తింటాడు."

"రిజిస్టరులో ఎంతమందని రాసుకున్నారమ్మా?"

"నూట ఇరవై. ఆ నలభై నలుగురూ ఎవరో మీకైనా తెలుసా?"

"తెలుసుకుంటాను" అన్నాడు. "చేతికి ఎంత ఇస్తున్నారట?"

అది కూడా చెప్పాను. అంత పెద్దమనిషి నన్ను అడుగుతున్నాడు, నేను చెబుతున్నాను. అన్నీ నాకు తెలిసినవే అడిగాడు. నా జన్మలో నన్నెవరూ అన్ని ప్రశ్నలు అడగలేదు. చెబుతున్నంతసేపూ బాగుంది. అది దాచి ఏం లాభం.

వాడి తిండి కోసమే చెప్పాను. అది నిజం. అదొక్కటే నిజం కాదు.

డిసెంబరు 4, మంగళవారం

టీవీ పెట్టలేదు.

డిసెంబరు 5, బుధవారం

రంగనాథ్ వచ్చి కాళ్ళు కడుక్కున్నాక చెప్పాను. మైథిలి కూడా ఉంది. మొత్తం చెప్పాను, రూపాయల సంగతితో సహా.

రంగనాథ్ తువ్వాలు మడిచి దండెం మీద వేశాడు. తర్వాత, "ఆ అంకె నీతో నేను చెప్పలేదుగా" అన్నాడు.

"నా పక్కన కూర్చుని మైథిలితో చెప్పావు."

"నువ్వు వింటున్నావనుకోలేదు."

"చెవులున్నాయి కదరా."

మైథిలి లేచి నిలబడింది. "ఏమండీ, ఇది బయటికొస్తే వచ్చే ఏడాది ప్రమోషను మాటేమిటి? ఆఫీసు సంగతి ఇంట్లో చెప్పింది మీరే అవుతారు. చార్జిషీటు మీకిస్తారు."

రంగనాథ్ నా వైపు తిరిగి నెమ్మదిగా, చంటిపిల్లకు పాఠం చెప్పినట్టు చెప్పాడు. "అమ్మా, నువ్వేమీ చెప్పలేదు. ఊరు అడిగాడు, చెప్పావు. ఎవరడిగినా అంతే."

నా మాట నాకే అప్పజెప్పాడు. నేను రాసిచ్చిన జవాబులాగే ఉంది.

డిసెంబరు 6, గురువారం

వనభోజనాల కరపత్రం మీద ఎంపీ ఫోను నంబరుంది. ఎవరూ లేనప్పుడు చేశాను. ఎవరో ఎత్తి, వేటపాలెం ఆవిడ అంటే ఆయనకే ఇచ్చారు.

"ఆ అమ్మా, బాగున్నారా. భయపడకండి. మీ పేరు ఎక్కడా చెప్పలేదు, చెప్పను."

"చెప్పండి బాబూ. నేనే చెప్పానని చెప్పండి. ఆ పులిహోర వేసినాయనకు మెమో ఇచ్చారు."

"అయ్యో. ఆయనకా" అన్నాడు. "కానీ అమ్మా, సభలో మాట్లాడినదానికి ఫలానా వారు చెప్పారని మేము చెప్పే పద్ధతి లేదు. ఒకసారి చెబితే రేపు నాతో ఎవరూ మాట్లాడరు."

"మా వాడికి ఇబ్బంది లేకుండా చూస్తానన్నారు మీరు."

"చూశాను కదమ్మా. మీ అబ్బాయి పేరు ఎత్తలేదు. ఎత్తితే ఇంకా గట్టిగా ఉండేది." తర్వాత గొంతు మార్చి, "మీకొక సంగతి తెలుసా? ఆ కాంట్రాక్టరును తీసేస్తున్నారు. ఆ డెబ్భై ఆరుమందికీ వచ్చే నెల నుంచి పూర్తి జీతం. నిన్న మంత్రి సంతకం పెట్టాడు. నేను మూడేళ్ళుగా జీతాల మీద అడుగుతున్నాను, ఒక్కసారి కూడా ఇంత పని జరగలేదు. మీ ఒక్క మాటతో జరిగింది" అన్నాడు.

ఫోను పెట్టేశాక చాలాసేపు కూర్చున్నాను. డెబ్భై ఆరుమంది ఆడవాళ్ళు. వాళ్ళ ముఖాలు ఎలా ఉంటాయో. ఒక్కరికీ నేను తెలియను. ఒక పక్క ఒంట్లోకి బలం వచ్చినట్టుంది. ఇంకో పక్క కనకయ్య గారు టీ ఊదుకుంటూ కనిపిస్తున్నారు.

ఇంతకీ ఆ నలభై నలుగురి సంగతి అడగడం మరిచిపోయాను.

డిసెంబరు 8, శనివారం

మంచి జరిగిందిగా, ఇక ఊరుకోవచ్చు కదా అని నిన్నంతా అనుకున్నాను. కనకయ్య గారి పెన్షను ఆ మంచికి కట్టిన ఖరీదు అనుకుంటే సరిపోతుందా? సరిపోవచ్చు, నా పెన్షను కాదు కదా.

రంగనాథ్, మైథిలి బజారుకు వెళ్ళాక ప్రణతిని పిలిచాను. నేను తెలుగులో కాగితం రాసుకున్నాను, దాన్ని ఇంగ్లీషులో రాసిపెట్టమన్నాను. దానికి తెలుగు చదవడం రాదు. నేను చదువుతుంటే అది రాసింది.

'నా పేరు దుర్గాంబ. వయసు డెబ్భై ఒకటి. అయిదో తరగతి చదివాను. ఎంపీగారికి ఊడ్చేవాళ్ళ లెక్క చెప్పింది నేను. కనకయ్య గారు పులిహోర మాత్రమే వేశారు. ఈ లెక్క మా అబ్బాయి నాకు చెప్పలేదు. వాడి బ్యాగులో కాగితాలు తీసి నేను చదివాను.'

ప్రణతి కలం ఆపింది. "నానమ్మా, యే సచ్ హై?" అంది, ఇది నిజమేనా అని.

"రాయి."

"ఆఖరీ వాలా?"

"రాయమన్నానుగా."

రాసింది. కింద నేను తెలుగులో సంతకం పెట్టాను. 'ర్గా' కాస్త వంకర పోయింది. సోమవారం కనకయ్య గారి జవాబుతో పాటు ఇస్తారు. ఆయనకు ఫోను చేసి రేపు రమ్మన్నాను.

డిసెంబరు 9, ఆదివారం

కనకయ్య గారు వచ్చేలోపే ప్రణతి వాళ్ళ నాన్నకు చెప్పేసింది. దాన్ని అనడానికి లేదు, నోరు నాకూ ఉంది.

రంగనాథ్ కాగితం తీసుకుని చదివాడు. బాల్కనీలోకి వెళ్ళాడు. మళ్ళీ చదివాడు. మైథిలి వంటింటి గుమ్మంలో నిలబడి, "ఆ ఆఖరి మాట ఉంది కదండీ, అలాగే ఇచ్చేయండి. మీకేమీ అంటదు" అంది.

రంగనాథ్ నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"బ్యాగులో కాగితాలు చదివావా అమ్మా?"

"చదివాను."

"నోటు ఇంగ్లీషులో ఉంది."

నాకు అది తట్టనే లేదు. ఇంత వయసు వచ్చి అబద్ధం కూడా సరిగా ఆడలేకపోయాను. వాడికి నవ్వొచ్చింది. నెల రోజులయింది వాడు అలా నవ్వి. నవ్వి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

జేబులోంచి కలం తీసి ఆఖరి రెండు వాక్యాలూ కొట్టేశాడు. పైన చిన్న అక్షరాలతో ఏదో రాసి, పక్కన తన సంతకం పెట్టాడు.

"ఏం రాశావురా?"

"నేను ఇంట్లో చెప్పగా విన్నది అని."

మైథిలి లోపలికి వెళ్ళిపోయింది. గిన్నెల చప్పుడు చాలాసేపు వినబడింది.

కనకయ్య గారు వచ్చి ఆ కాగితం నిలబడే చదివారు. రంగనాథ్ సంతకం దగ్గర వేలు పెట్టి, "సార్, ఇది అవసరం లేకుండె" అన్నారు.

"లేకపోతే ఇదీ మీరే రాయించారంటారు కనకయ్య గారూ."

ఆయన మడత పెట్టి లోపలి జేబులో పెట్టుకున్నారు. ఈసారి టీలో చక్కెర సరిపోయిందట.

డిసెంబరు 11, మంగళవారం

ఇంకా ఏమీ తెలియలేదు. మైథిలి నాతో అవసరమైనంతే మాట్లాడుతోంది. అన్నం మాత్రం ముందు నాకే పెడుతోంది.

డిసెంబరు 13, గురువారం

కనకయ్య గారి మెమో వెనక్కి తీసుకున్నారు. అదే రోజు రంగనాథ్‌కు ఇచ్చారు. ఏడు రోజులు గడువు. వచ్చే ఏడాది ప్రమోషను లిస్టులో పేరు ఉండదని వాడే చెప్పాడు. చెప్పి, మైథిలి చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. నేను నా గదిలోకి వచ్చేశాను.

డిసెంబరు 15, శనివారం

రంగనాథ్ పొద్దుటి నుంచి భోజనాల బల్ల దగ్గర కూర్చుని మెమోకు జవాబు రాస్తున్నాడు. నాలుగు కాగితాలు చింపాడు. నాకు ఉండబట్టలేదు. నీకెందుకు అంటాడని తెలిసీ వెళ్ళి నిలబడ్డాను.

"ఏం రాస్తున్నావురా?"

ఎదురు కుర్చీ లాగి కూర్చోమన్నాడు. కాగితం ఎత్తి, ఇంగ్లీషులో రాసింది ఒక్కొక్క వాక్యమే తెలుగులో చెప్పాడు.

"ఆ లెక్క నేనే తీయించాను. అది నిజమైన లెక్క. నోటులో రాశాను. ఇంట్లో చెప్పాను. ఇంట్లో చెప్పడం నా తప్పు, ఒప్పుకుంటున్నాను. లెక్క తప్పు కాదు."

"క్షమించమని అడగవా?"

"అడిగాను. కింద ఉంది."

"లెక్కకు కూడానా?"

"లేదమ్మా. చెప్పినందుకే."

మైథిలి వంటింట్లోంచి వచ్చి మాతో పాటు కూర్చుంది. మళ్ళీ ఒకసారి మొదటినుంచి చదవమన్నాను. చదివాడు.